సాగర్ రోడ్డుకు ఈ దిక్కు

బస్సు వెళ్లిపోయింది, దాని వెనుక లేచిన దుమ్మూ వెళ్లిపోయింది, సంజీవ మాత్రం భుజాన సంచితో సాగర్ రోడ్డుకు ఈ దిక్కునే మిగిలిపోయాడు. ఆ దిక్కున నజీరుద్దీన్ పంక్చర్ దుకాణం, దాని ముందు ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత టైర్లు, టైర్ల పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో కుడికాలు చాపుకొని సుశీల. లారీ అడ్డం వస్తే మాయమవుతున్నది, లారీ పోతే మళ్లీ అక్కడే ఉంటున్నది. చేయి ఊపలేదు, రమ్మని సైగ చేయలేదు, కొంగుతో మెడ తుడుచుకొని ఇంకెవరి కోసమో కూర్చున్నట్టు కూర్చున్నది. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న పెళ్లాం, ఎవరి కోసం కూర్చున్నదో అతడికి తెలియదా. ఐదు రోజుల కింద అతడు ఆటో ఎక్కుతుంటే ఆమె అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉన్నది. "రోడ్డు దాటరాని మనిషి దేశం దాటవట్టె. మంచిదే. గని వాపస్ వచ్చినప్పుడు ఆటోల రాకు. బస్సు దిగి నడిచి రా. నేను కూసోని చూస్త." అదిగో, కూర్చొని చూస్తున్నది. ఫోన్‌లో టైమ్ చూశాడు, నాలుగున్నర. ఐదున్నరకు పక్కింటి తిరుమల్ చెరువు దిక్కు నుంచి తమ బర్రెలను తోలుకొస్తాడు. బర్రెలు వస్తే సంగతి వేరు. అవి వచ్చేలోగా దాటితేనే దాటినట్టు.

దాటడంలో ఏమున్నది, ముప్పై అడుగులు. లెక్కపెట్టకపోయినా తెలుసు. బడి విడిచిన పిల్లలు ఐస్‌క్రీం చీకుతూ దాటుతున్నారు. ఒకామె ఒక చంకన బిడ్డను, ఇంకో చంకన బియ్యం సంచిని పెట్టుకొని, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఎవరితోనో కొట్లాడుతూ దాటింది. ఒక కుక్క వచ్చి అతడి పక్కనే నిలబడింది, అటు చూసింది, ఇటు చూసింది, కంకర టిప్పర్‌ను పోనిచ్చింది, తోక ఊపుకుంటూ దాటిపోయి సుశీల కుర్చీ కింద పడుకున్నది. సుశీల కుక్కను చూసింది, తరువాత ఇతడిని చూసింది. అంత దూరం నుంచి కూడా ఆ చూపు ఏమంటున్నదో అర్థమైంది. సంజీవ ఒక అడుగు తారు మీద పెట్టాడు. ఎక్కడో బస్సు హారన్ మోగింది. అడుగు దానంతట అదే వెనక్కి వచ్చేసింది. అరచేయి చెమట పట్టింది. కుడి అరచేయి మాత్రమే. నాలుగేళ్లుగా ఇంతే, రోడ్డు అంచుకు వస్తే చాలు, కుడి అరచేయి ఒక్కటే తడుస్తుంది, ఎడమది ఎండిన పిడకలాగా ఉంటుంది. దవాఖానలో అడుగుదామంటే ఏమని అడుగుతాడు, డాక్టరుగారూ నాకు ఒక చెయ్యే భయపడుతున్నదని చెప్తాడా.

నాలుగేళ్లలో అతడు ఈ రోడ్డును ఒంటరిగా కాలినడకన దాటింది లేదు. ఆటో ఎక్కి మలుపు దాకా పోయి ఆ దిక్కుకు తిరిగి వచ్చి దిగేవాడు, కిరాయి ఇచ్చేటప్పుడు ఆటో అతను ముఖం పక్కకు తిప్పుకొని నవ్వేవాడు. లేదంటే బర్రెల వెనుక. పొద్దున చెరువు దిక్కుకు తోలేటప్పుడు, సాయంత్రం ఇంటికి తోలేటప్పుడు, బుచ్చి పలుపుతాడు పట్టుకొని దాని తోకను చూస్తూ దాటేవాడు. బుచ్చి అంటే మందలో ముందు నడిచే బర్రె, కొమ్ములు చెవుల వెనక్కి తిరిగి ఉంటాయి, పూటకు నాలుగు లీటర్లు, కోపం వస్తే మూడు. ఆ తిరుమలే ఒకరోజు చాయ్ బండి దగ్గర పదిమందిలో అన్నాడు, "సంజీవన్న బర్లను తోల్తున్నడా, బర్లే సంజీవన్నను తోల్తున్నయా?" అందరూ నవ్వారు, సంజీవ కూడా నవ్వాడు, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. సుశీల మాత్రం నాలుగేళ్ల కింద దెబ్బతిన్న కాలు బాగై నడక వచ్చినప్పటి నుంచి రోడ్డు దాటుతూనే ఉన్నది. కూతురు నవత చేయి పట్టుకొని దాటుతుంది, తిరుమల్ భార్య చేయి పట్టుకొని దాటుతుంది, ఎవరూ లేకపోతే పేరు తెలియని కాలేజీ పిల్ల చేయి అయినా పట్టుకుంటుంది. అతడి చేయి తప్ప. ఇంట్లో చాయ్ గ్లాసు అందిస్తుంది, వీపు రుద్దుతుంది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. రోడ్డు మీద మాత్రం ఆ చేయి కొంగు కిందికి పోతుంది. ఒక్క మాట అనదు. అన్నా బాగుండేది.

ఇదంతా దేశం దాటి సైగాన్ దాకా ఎట్లా పోయిందంటే, ఫోన్ వల్ల పోయింది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నజీరుద్దీన్, సంజీవ రెండు తలలు ఒక ఫోన్‌కు ఆనించి ఊర్లు తిరిగే పిల్లల వీడియోలు చూస్తారు. తక్కువ ఖర్చుతో ఆ దేశం, తక్కువ ఖర్చుతో ఈ దేశం. చూసినవాటి కింద సంజీవ తప్పకుండా రాస్తాడు, చాలా బాగుంది తమ్ముడు, జాగ్రత్త, టైముకు తిను, ఇట్లు సంజీవ అంకుల్, ఇబ్రహీంపట్నం. జవాబుగా ఒక్కోసారి ఎర్ర గుండె వస్తుంది, ఆ రోజంతా హుషారుగా ఉంటాడు. ఒకరోజు అట్లా సైగాన్ వచ్చింది. పేరు ఎప్పుడో మార్చారట, అయినా జనం పాత పేరే పిలుస్తారట. రోడ్డు నిండా స్కూటర్లు, పుట్ట పగిలి చీమలు లేచినట్టు, సిగ్నల్ లేదు, పోలీసు లేడు, వాటి మధ్యలో నుంచి ఒక ముసలామె మూట పట్టుకొని నడిచిపోతున్నది, స్కూటర్లు ఆమెకు అటొకటి ఇటొకటి చీలిపోతున్నాయి. సుశీల కుంటుకుంటూ వచ్చి ఫోన్ లాక్కొని మూడుసార్లు చూసింది. చూసి, ఫోన్ వాపస్ ఇస్తూ అన్నది, "నువ్వు గీ ఊరికి పో. పోయి నేర్చుకొని రా." నజీరుద్దీన్ పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంజీవ ఆ రాత్రి నవతకు నవ్వుకుంటూ చెప్పాడు, నవత కూడా నవ్వి, కాసేపటికి ఆగిపోయింది. ఆదిభట్ల కంపెనీలో పనిచేసే పిల్ల, దేన్నైనా సగంలో విడవదు. పాస్‌పోర్టు, వీసా అన్నీ ఫోన్‌లోనే నడిపించి రెండు నెలలకు టికెట్ చూపించింది. "బాపూ, చవక టికెట్ దొరికింది, ఏడు కిలోల సంచి ఒక్కటే, బువ్వ వెట్టరు, పండుకునేటందుకు మంచం ఒకటి బుక్ చేసిన, గది గాదు, మంచమే." అతడు సుశీల దిక్కు తిరిగి నువ్వూ రావే అన్నాడు. "నేనెందుకు? దాటరానిది నాకా?" అన్నది ఆమె, చాటలో బియ్యం చెరుగుతూ.

ఏడు కిలోలు. పాల కేంద్రంలో కాంటా మీద పెట్టి తూచారు సంచిని, పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు, ఒకరు లుంగీ తీసేయమన్నారు, ఒకరు చెప్పులు తీసేయమన్నారు, సుశీల మాత్రం తొక్కు డబ్బా తీయనివ్వలేదు, చింతకాయ తొక్కు, పైన నూనె తేలుతూ. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే అమ్మాయి డబ్బా మూత తీసి వాసన చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకొని, "ఇది లోపటికి రానియ్యరు అంకుల్" అన్నది. "ఇంట్ల జేసింది బిడ్డా, బయట కొన్నది గాదు" అన్నాడు. లాభం లేకపోయింది. విమానం లేచాక కిటికీకి ముక్కు ఆనించి కిందికి చూశాడు. నాదర్‌గుల్ దిక్కు నుంచి లేచే నడపడం నేర్చుకునేవాళ్ల చిన్న చిన్న విమానాలను గడ్డి కోస్తూ, కంటి మీద చేయి అడ్డం పెట్టుకొని ఎన్నేళ్లు చూశాడో, లోపల కూర్చున్నవాడికి మేం కనిపిస్తామా అని అనుకునేవాడు. కనిపించరు. మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు, అయినా బుచ్చి కోసం వెతికాడు, కాస్సేపు.

రోడ్డు అంచున, జేబులో ఫోన్ మోగింది. నజీరుద్దీన్. ఆ దిక్కున ఫోన్ చెవికి పెట్టుకొని నిలబడ్డ మనిషి ఈ దిక్కుకు కనిపిస్తూనే ఉన్నాడు.

"అరే సంజీవా, ఇర్వై నిమిషాలాయె. నేను రావాల్నా?"

"వద్దు."

"పిండెం వెట్టి కాకి కోసం చూసినట్టు నిలవడ్డవేందిరా. జర కదులు."

వెనుక నుంచి సుశీల గొంతు వినబడింది. "నువ్వు కూసో నజీరన్నా. పంపు గొట్టుకో. నడుమల రాకు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. టిప్పర్లు వరుసగా నాలుగు పోయాయి, నాలుగో దాని వెనుక రాసి ఉన్నది, మళ్లీ కలుద్దాం అని. నీతో కలవకుంటేనే మంచిదిలే అనుకున్నాడు. అక్కడ, సైగాన్‌లో, మొదటి రోజు పొద్దున కూడా ఇట్లాగే నిలబడ్డాడు. పైమంచం దిగి, కింద మంచం మీద పడుకున్న ఏ దేశపు పిల్లగాడి కాలో తొక్కకుండా దిగి, బయటికొచ్చి రోడ్డు అంచున నిలబడ్డాడు, వీడియోలో ఉన్నదే రోడ్డు, అదే వరద. ఒక్కొక్క స్కూటర్ మీద ఒక్కొక్క ఇల్లు పోతున్నది, ఒకడు ఫ్రిజ్ కట్టుకొని పోతున్నాడు, ఒకామె పూలకుండీలు, ఒకడి వెనుక నీళ్ల డబ్బాలు గోపురంలాగా. మన ఊళ్లో చేసినట్టే కుడిచేయి పైకెత్తి, ఆపండి నాయనా, దాటుతాను, అన్నట్టు చూపించాడు. మూడు స్కూటర్లు వచ్చి అతడి ముందు ఆగాయి. ముగ్గురూ హెల్మెట్ చాపుతున్నారు, ఎక్కమని. చేయి ఎత్తితే కిరాయి బండి పిలిచినట్టట అక్కడ. చేతులు జోడించి, తలకాయ అడ్డం ఊపి, వాళ్లను పంపించేసరికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఇక చేయి ఎత్తలేదు. కుడికి తిరిగి నడిచాడు. మూల వచ్చింది, మళ్లీ కుడికి తిరిగాడు. మళ్లీ మూల, మళ్లీ కుడి, మళ్లీ మూల, మళ్లీ కుడి, మళ్లీ మూల, మళ్లీ కుడి, ఎదురుగా తను పడుకున్న హాస్టలే. రోడ్డు దాటకుండా ఎంతసేపైనా తిరగవచ్చునని అప్పుడు తెలిసింది. రెండు రోజులు అదే పని. హనుమాన్ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు సైగాన్‌లో నాలుగు వీధుల ముక్క చుట్టూ తిరిగాడు. మొదటి మూల దాటగానే మంగలి దుకాణం, తరువాత చిన్న చిన్న ఎర్ర పీటలు వేసిన కాఫీ బండి, రెండో మూలలో కరెంటు స్తంభానికి జడలు కట్టిన వైర్లు, మూడో మూలలో ఉడకబెట్టిన పల్లికాయలు, మక్కకంకులు అమ్మే ముసలామె. మంగలి మొదట ఊరికే చూశాడు, నాలుగోసారికి తల ఊపాడు, పదకొండోసారికి బయటికొచ్చి కుర్చీ చూపించాడు, సంజీవ గడ్డం గీయించుకున్నాడు, ఏం చేస్తాడు. కాఫీ బండి దగ్గర రేకు గిన్నెలో నుంచి చుక్క చుక్కగా దిగే నల్లటి కాఫీ, అడుగున చిక్కటి డబ్బా పాలు. పాలు అమ్మే మనిషి డబ్బా పాలు తాగడమా అని కాస్సేపు కోపం తెచ్చుకున్నాడు. తాగాడు. చాలా బాగున్నది. బుచ్చికి ఈ సంగతి తెలియనక్కరలేదు.

సుశీల ఫోన్ చేసింది రెండో రోజు. వీడియో కాల్‌లో ఆమె నుదురు, దాని పైన ఇంటి రేకులు కనిపిస్తున్నాయి.

"ఏమేం జూసినవ్?"

"మస్తు జూసిన."

"అదే, ఏం జూసినవ్?"

"మంగలి దుకాణం."

కాస్సేపు రేకులు మాత్రమే కనిపించాయి.

"రోడ్డు దాటినవా?"

"ఏడ సుశీలా, ట్రాఫిక్ ఉన్నది."

"ట్రాఫిక్ కోసమే గద వోయినవ్" అని పెట్టేసింది.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మూడో మూలలో కంకి తింటున్నాడు, రెండు రోజుల్లో ఆమె దగ్గర ఎన్ని తిన్నాడో, ఇబ్రహీంపట్నంలో ఒక కాలమంతా అన్ని తిని ఉండడు. ముసలామె మబ్బును చూసింది, రెండు బుట్టల మీద ప్లాస్టిక్ కవర్ కప్పింది, కావడి భుజానికి ఎత్తుకున్నది. అచ్చం మన కావడే, వెదురుబద్ద, అటొకటి ఇటొకటి బుట్ట. రోడ్డుకు ఆ దిక్కున రేకుల చూరు ఉన్నది, అక్కడికి పోవాలి ఆమె. అతడిని చూసింది. కంకి చేతిలో పట్టుకొని రోడ్డు అంచున నిలబడ్డ ఈ బట్టతల పెద్దమనిషిని రెండు రోజులుగా ఆమె కూడా చూస్తున్నదని, మంగలి ఒక్కడే కాదని, అతడికి అప్పుడు అర్థమైంది. ఏదో అన్నది, ఒక్క ముక్క తెలియలేదు, వెనుక బుట్టకు కట్టిన తాడు కొసను తీసి అతడి కుడిచేతిలో పెట్టింది. దూడను అప్పగించినట్టు. కాదు, దూడను తోలుకుపోయినట్టు. బుట్ట ఊగకుండా పట్టుకోమంటున్నదేమో అనుకున్నాడు, ముసలిమనిషి అడిగితే కాదని ఎట్లా అంటాడు. ఆమె ఒక పెద్ద బస్సును పోనిచ్చింది. బస్సుకు ఎదురు పోలేదు, అది గుర్తుపెట్టుకోవాలి, బస్సును పోనిచ్చింది. తరువాత అడుగు వేసింది. ఆగలేదు, ఉరకలేదు, తల తిప్పలేదు, చెరువు నుంచి ఇంటికి పోయే బుచ్చిలాగా, నడుము ఊపుతూ, ఈ లోకంలో తనకు పోవలసిన చోటు ఒక్కటే ఉన్నట్టు నడిచింది. నాలుగేళ్లు బుచ్చి వెనుక నడిచాడు, తోకనే చూశాడు తప్ప నడకను చూడలేదే అనిపించింది. సగం దాకా వచ్చారు. అప్పుడు వచ్చింది, ఆ పాత గుంజుడు, భుజంలో నుంచి మోచేతిలోకి, మోచేతిలో నుంచి వేళ్లలోకి, వెనక్కి, వెనక్కి, వెనక్కి. తాడు బిగుసుకున్నది. ఇప్పుడు గుంజితే కావడి తిరుగుతుంది, పల్లికాయలు చిందుతాయి, ముసలామె వెల్లకిలా పడుతుంది. అదే క్షణంలో పక్క నుంచి వస్తున్న స్కూటర్ మీది పిల్లగాడి కళ్లు చూశాడు. ఆ కళ్లు అతడి ముందున్న చోటును చూడడం లేదు. అతడి వెనుకనున్న చోటును చూస్తున్నాయి. వీళ్లు ముందుకు పోతారు, నేను వెనుక నుంచి పోతాను, అని ఆ పిల్లగాడు ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. నమ్మాడు. స్కూటర్ అతడి వీపు వెనుక నుంచి గాలిలాగా పోయింది. సైగాన్ నడిరోడ్డు మీద సంజీవకు అజ్మల్ మొహం కనిపించింది.

అజ్మల్, నజీరుద్దీన్ చెల్లెలి కొడుకు. జల్‌పల్లిలో ఉంటాడు, మేనమామకు ఇవ్వమని తల్లి పంపిన ఖర్జూరాల పొట్లం బండికి తగిలించుకొని వస్తున్నాడు, నాలుగేళ్ల కింద, ఆ రోజు. అంగడి రోజు. సంజీవ ఎడమచేతిలో కూరగాయల సంచి, కుడిచేతిలో సుశీల చేయి. సుశీల చక్కగా నడుస్తున్నది, ఆమెకు ఎప్పుడూ భయం లేదు, పెళ్లైన కొత్తలో కూడా ఆమే ముందు నడిచేది. సగం దాటారు. ఎక్కడో దూరంగా బస్సు హారన్ కొట్టింది. దూరంగానే, ఇప్పుడు తలచుకుంటే ఎంత దూరమో. అతడు ఆమెను వెనక్కి గుంజాడు. అజ్మల్ వాళ్ల వెనుక నుంచి పోదామని అప్పటికే బండిని అటు తిప్పాడు, ఆ ఖాళీ జాగాలోకే గుంజాడు సంజీవ, చేజేతులా, తన పెళ్లాన్ని. బండి తగిలి సుశీల కుడి మోకాలు పగిలింది, లోపల రాడ్ వేశారు. టమాటాలు రోడ్డంతా దొర్లాయి, వాటి మధ్య ఖర్జూరాలు. అజ్మల్ ఏడుస్తూ ఆమెను లేపబోతే సంజీవ అందరి ముందు చెంప మీద కొట్టాడు. కండ్లు నెత్తికెక్కినయా అని అరిచాడు. ఆ పిల్లగాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు, తన వల్లే అయిందనుకున్నాడు కావచ్చు. ఆ తరువాత మళ్లీ ఇబ్రహీంపట్నం రాలేదు. నజీరుద్దీన్ దవాఖానలో సంజీవ చేతులు పట్టుకొని, మా పిల్లగాని తరఫున మాఫ్ చెయ్ రా, అన్నాడు. సంజీవ ఏమన్నాడు? పోనీలే అన్నాడు. మాఫ్ చేశాడు! తన తప్పుకు తనే పెద్దమనసు చేసుకొని మాఫ్ చేశాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మెడ వెనుక వేడెక్కుతుంది. గుంజిన సంగతి ఇద్దరికే తెలుసు, గుంజినవాడికి, గుంజబడిన ఆమెకు. ఆమె ఎవరికీ చెప్పినట్టు లేదు, అతడూ చెప్పలేదు, అది అట్లాగే వాళ్ల మధ్య మంచం మీద, పొయ్యి దగ్గర, పాలు పితికేటప్పుడు, నాలుగేళ్లు కూర్చున్నది.

సైగాన్‌లో ఆ దిక్కుకు చేరాక రేకుల చూరు కింద కూలబడి ఏడ్చాడు. ముసలామె గుప్పెడు పల్లికాయలు చేతిలో పోసి తన దారిన పోయింది. వాన వచ్చి వెలిసింది. అప్పుడు లేచి ఒక్కడే దాటాడు, ఈ దిక్కుకు. మళ్లీ ఆ దిక్కుకు. మళ్లీ ఈ దిక్కుకు. మంగలి కత్తెర చేతిలో పట్టుకొనే బయటికొచ్చి చూశాడు, కుర్చీలో సగం క్షవరమైన మనిషి కూడా మెడ తిప్పి చూశాడు. మిగిలిన రోజున్నర సైగాన్ అంతా తిరిగాడు, నది చూశాడు, పడవలు చూశాడు, ఒక తోటలో తనకంటే పెద్దవాళ్లు పాట పెట్టుకొని చేతులు ఊపుతూ కసరత్తు చేస్తుంటే వెనుక వరుసలో నిలబడి తనూ ఊపాడు. యాభై మూడేళ్ల వయసులో, తెలిసినవాడు ఒక్కడూ లేని ఊళ్లో, ఎవరి పలుపుతాడూ పట్టుకోకుండా. ఎంత తేలికగా ఉండిందని, ఒళ్లు.

ఇక్కడికొచ్చేసరికి ఆ తేలిక ఏమైంది. అక్కడివి స్కూటర్లు, ఇక్కడివి టిప్పర్లు, నిజమే, టిప్పర్ ఎవరికీ చీలిపోదు. కానీ ఆ ముసలామె బస్సును పోనిచ్చింది కదా. పోనివ్వాల్సినదాన్ని పోనిచ్చి అడుగు వేసింది, వేశాక మళ్లీ గుంజుకోలేదు. అది తెలుసు, నేర్చుకున్నాడు, ఎన్నిసార్లో దాటాడు. మరి ఎందుకు కాలు లేవడం లేదు? సైగాన్‌లో ఆ దిక్కున రేకుల చూరు ఉన్నది, అంతే. ఇక్కడ ఆ దిక్కున ఆ ఇద్దరు ఉన్నారు. దాటడమంటే పోయి వాళ్ల ముందు నిలబడడం, నిలబడితే చెప్పడం, చెప్పకుండా దాటితే బర్రెల వెనుక దాటినట్టే. విమానంలో నాలుగు గంటలు ఆ మాటనే పేర్చుకున్నాడు, ఇట్లా మొదలుపెట్టాలి, అట్లా చెప్పాలి అని. ఇంటికొచ్చే బస్సు రావిర్యాల దాటేసరికి ఒక్క మాట మిగల్లేదు.

గంటల చప్పుడు వినబడింది. తిరుమల్ అదిలింపు వినబడింది. తల తిప్పితే చెరువు దిక్కు దుమ్ములో నుంచి బుచ్చి, దాని వెనుక మిగతావి, పొట్టల మీద బురద ఎండి తెల్లగా. ఐదు గంటల ఇరవై. తిరుమల్ ఇవాళ తొందరగా తోలుకొచ్చాడు, దయతలచి తోలుకొచ్చాడేమో. బుచ్చి అతడిని చూసి మెడ చాచి అరిచింది, ఐదు రోజుల అలక అంతా ఆ అరుపులో ఉన్నది.

"అన్నా, ఆగు!" తిరుమల్ కట్టె ఎత్తి కేక వేశాడు. "బర్లు వస్తున్నయ్, కలిసి దాట్దువు!"

సంజీవ అటు చూశాడు, ఒక నిమిషం ఆగితే చాలు. ఎదురుగా చూశాడు. సుశీల కుర్చీలో ముందుకు వంగింది, మొదటిసారి. ఒక టిప్పర్ వస్తున్నది. పోనిచ్చాడు. అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. తారు వేడి చెప్పుల్లోకి వస్తున్నది. ఒక కారు వేగం తగ్గించింది, ఒక ఆటో ముందు నుంచే పోయింది, నడిమి గీత వచ్చింది, ఇక్కడే, టమాటాలు దొర్లింది ఇక్కడే, దూరంగా బస్సు హారన్, అదే హారన్, భుజంలో నుంచి అదే గుంజుడు బయలుదేరింది, మోచేతిలోకి, వేళ్లలోకి, వేళ్లు ముడుచుకున్నాయి, వాటిలో ఎవరి చేయీ లేదు, రానియ్, నువ్వు రా, వచ్చి పో, అనుకున్నాడు గుంజుడుతోనే, కాళ్లను మాత్రం ఆపలేదు, ఒక బండి వీపు వెనుక నుంచి పోయింది, ఆ గాలికి చొక్కా ఎగిరింది, పోరా నాయనా, వెనుక నుంచే పో, నేను ముందుకే పోతున్నా, సక్కగ పో. కాలి కింద తారు అయిపోయింది. కంకర తగిలింది.

"వచ్చినవా" అన్నది సుశీల.

"వచ్చిన."

నజీరుద్దీన్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు, చూస్తున్నట్టు నటిస్తున్నాడు. సంజీవ సంచి దించలేదు. దించితే కూర్చుంటాడు, కూర్చుంటే చాయ్ వస్తుంది, చాయ్ వస్తే సైగాన్ కథలు వస్తాయి.

"సుశీలా, ఆ దినం బండి సక్కగనే వచ్చింది. నేనే నిన్ను ఎన్కకు గుంజిన."

కుర్చీ కింద కుక్క లేచి ఒళ్లు దులుపుకొని మళ్లీ పడుకున్నది.

"నాకు తెల్వదా?" అన్నది ఆమె. "చెయ్యి నాదే గద."

అతడు నజీరుద్దీన్ దిక్కు తిరిగాడు. "నజీరూ, అజ్మల్‌ది తప్పు లేదురా. ఉత్తగనే కొట్టిన వాన్ని. నీతోని మాఫ్ గూడ చెప్పిచ్చుకున్న."

నజీరుద్దీన్ తల ఎత్తలేదు. బుడగలు వస్తున్న చోట బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. "వదినె దవాఖానలనే చెప్పింది. మూడో దినమే. అజ్మల్‌కు గూడ చెప్పిన, నీ తప్పు లేదురా అని."

"మూడో దినమా?" సంజీవ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి నాలుగేండ్ల సంది నన్ను ఒక్క మాట అడగకపోతివి?"

"నేనెట్ల అడుగుత రా. మాఫ్ చేసినోనివి నువ్వాయె." నజీరుద్దీన్ మీసాల కింద ఏదో కదిలింది, నవ్వో ఇంకొకటో. వెంటనే పోయింది. "గని ఆ చెంపదెబ్బ నువ్వు కొట్టినవ్. నేను చెప్తే అది దిగలే. వాడు ఈ రోడ్డు మీదికి రాడు, నువ్వేమో ఈ రోడ్డు దాటవు. ఇద్దరికిద్దరే సరివోయిండ్రు."

"రేపు జల్‌పల్లి పోత."

"పో. ఆడ గూడ రోడ్డున్నది మల్ల."

సుశీల నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగేటట్టు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నీళ్లు నవ్వు అయిపోయాక కూడా ఆగలేదు, కొంగుతో వాటిని ఒత్తుకున్నది. ఈలోగా బుచ్చి మందను వెంటేసుకొని రోడ్డు దాటి వచ్చింది, సంజీవ సంచిని వాసన చూసింది, తుమ్మింది, ఇంటి దిక్కు నడిచింది. "దాటిండు ర అన్న!" అని తిరుమల్ ఎవరితోనో ఫోన్‌లో చెప్పుకుంటూ దాని వెనుక పోయాడు. పాలు పితికే వేళైంది, సంజీవ కూడా ఇంటి దిక్కే కదలబోయాడు.

"ఏడికి?" అన్నది సుశీల. కుర్చీ చేతులు పట్టుకొని లేచి, కుడికాలు మీద బరువు చూసుకొని నిలబడ్డది. "పాలు పది నిమిషాలు ఆగుతయ్. ఆ దిక్కు బండి మీద మిర్చి బజ్జీలు ఏస్తున్నడు. నవత తెస్తది గని ఇంటికొచ్చేవరకు చల్లారుతయ్. వేడివి తినక ఎన్నేండ్లాయెనో." కొంగు కింద నుంచి చేయి బయటికొచ్చింది. ఎడమచేయి, నాలుగు గాజులు, వేళ్లకు పిండి మరక. అతడి ముందుకు చాచింది.

"ఈసారి గుంజినవనుకో…"

"గుంజ."

సంజీవ సంచిని నజీరుద్దీన్ టైర్ల మీద పెట్టాడు. కుడి అరచేయిని ప్యాంటుకు తుడుచుకొని, చాలదనిపించి ఇంకోసారి తుడుచుకొని, ఆమె చేయి పట్టుకున్నాడు. రోడ్డు అంచుకు వచ్చారు. ఒక టిప్పర్ వస్తున్నది. దాన్ని పోనిచ్చి, ఇద్దరూ ఒక్కసారే అడుగు వేశారు.